పల్లవి ఎవరి గొంతుది?

ఆదివారమైనా ముత్తంగిలో జాతీయ రహదారి మీద లారీల రొద తగ్గదు. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల వెంటే వాళ్ల ఆరాధన అలవాట్లూ ఇక్కడికి చేరాయి. నైట్ డ్యూటీ దిగి నేరుగా చర్చికి వచ్చిన కుర్రాడికి కీబోర్డు, ప్యాడ్లు మోగితేనే నిద్ర వదులుతుంది. మెదక్ పల్లె నుంచి వచ్చిన నాయనమ్మకేమో పుస్తకం తెరవకుండా పాడుకునే కీర్తన లేకపోతే చర్చికి వచ్చినట్టే ఉండదు. దీన్ని పాతకాలానికీ కొత్తకాలానికీ గొడవ అని తేల్చేస్తుంటారు. నాకలా అనిపించదు.

కీర్తన సంగతే చూడండి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివారు క్రీస్తు కథను మన రాగతాళాల్లోకి తెచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అసలు పనితనం మాత్రం పల్లవిలో ఉంది. చదువు రానివాళ్లతో నిండిన సభలో ఒకరు చరణం ఎత్తుకుంటే చాలు, మిగతావాళ్లకు పల్లవి ఒక్కటి వస్తే సరిపోతుంది. ప్రతి చరణం తర్వాతా పాట తిరిగి వాళ్ల నోటికే వస్తుంది. భజన ఎరిగిన ఊళ్లో ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

పడమటి బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటల్లో ఈ సుఖం లేదు. ఇంగ్లీషు పాట ఊనిక మీద నడుస్తుంది, తెలుగు పాట గురులఘువుల మీద. బాణీకి సరిపెట్టబోతే దీర్ఘం కురచవుతుంది, హ్రస్వం సాగుతుంది. అయినా తరాల తరబడి పాడి పాడి జనం వాటినీ సొంతం చేసుకున్నారనుకోండి, అది వేరే సంగతి. హైదరాబాద్‌లోని హెబ్రోను ప్రార్థనా మందిరంలో సువార్తికుడు భక్తసింగ్ దారి మరొకటి: చెప్పులు బయట విడిచి, నేల మీద కూర్చొని, విశ్వాసులే ఒకరి తర్వాత ఒకరు లేచి స్తుతించడం.

ఇలాంటి వేర్వేరు అలవాట్లు కలిసి నడిచిన చరిత్రా మనకుంది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)గా ఏర్పడినప్పుడు, అలవాటు లేని ఆరాధన పద్ధతిని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట ఇచ్చుకున్నాయి. మెథడిస్టులు కట్టించిన మెదక్ కెథడ్రల్ కూడా ఆ కలయికలోకే వచ్చింది. రుద్దలేదు గానీ, అరువు తెచ్చుకోవడానికి మొహమాటపడలేదు. 1950 నాటి ప్రభు భోజన క్రమంలో ఒకరి చేతుల్లోంచి ఒకరు సమాధానం (శాంతి) అందుకునే పద్ధతిని కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచే తీసుకున్నారు.

అందుకే కీబోర్డు మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదల్లా శ్రుతి మీద. రికార్డింగులో గాయకుడి గొంతుకు కుదిరిన శ్రుతినే చర్చిలోనూ పట్టుకుంటారు. రెండో చరణం పైస్థాయికి ఎక్కేసరికి మైకు పట్టినవాళ్లే మిగులుతారు, నాయనమ్మ చప్పట్లతో సరిపెట్టుకుంటుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది కదా తమ్ముడూ, ఓ రెండు మెట్లు దించి చూడు.