పళ్లెపు టంచున పాదము

కూచిపూడి తరంగమును చూచివచ్చిన వారందరును పళ్లెమును గూర్చియు, శిరస్సుమీది చెంబును గూర్చియు చెప్పుదురు. నా దృష్టి మాత్రము ఆ పళ్లెమును నడిపించు పాదము మీదనే నిలిచిపోవును. నారాయణతీర్థులవారి తరంగము సాగుచుండగా, ఇత్తడి పళ్లెపు టంచులపై పాదములను మోపి, వ్రేళ్లతో అంచు నొడిసిపట్టి, శరీరభారమును మడమలనుండి వ్రేళ్లకును, వ్రేళ్లనుండి మరల మడమలకును మార్చుచు, జతి యొక్కటియు జారనీయక నర్తకి ముందునకు వచ్చునప్పుడు, మనము మెచ్చుకొను సౌకుమార్యమంతయు చీలమండలు, పిక్కలు, అరికాలి వంపులు పడు కఠోరపరిశ్రమ వలన కలిగినదే. పళ్లెము దిగిన వెంటనే ఆ యరికాలిని చూడుడు: అంచు ఒత్తిన చోట ఎర్రని చార, ముడుచుకొనిపోయి యింకను విడివడని వ్రేళ్లు.

పాలకాయతిప్ప సముద్రపు టొడ్డున తిరిగినవారికి పాదము క్రింది నేల సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. ఇసుకలో నడచినచో పిక్కలు పీకును గాని మోకాలికి దెబ్బ తగులదు. సిమెంటు బాటమీద నడక సుఖముగనే తోచును గాని సాయంకాలమునకు మోకాళ్లు సలుపును. పూర్వము మొవ్వ చేరువనున్న కూచిపూడినుండి భాగవతులు మేళములు కట్టి ఊరూర తిరిగి, పందిరి క్రింద మట్టినేలపై తెల్లవారుదాక ఆడిన కాలమున, పాదఘాతములో కొంత పాలు ఆ నేలయే పుచ్చుకొనెడిది. వేషమును, జడను, గజ్జెలను మోయుచు సత్యభామయై నిలుచుటకు ఎంతటి దేహబలము వలయునో కూచిపూడి నటులు వేదాంతం సత్యనారాయణశర్మగారి భామను చూచినవారు గ్రహించియుందురు. పిమ్మట వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసునందు కూచిపూడి ఆర్ట్ అకాడమీని నెలకొల్పి, అడుగుల తీరును దిద్ది, ఈ కళను మహానగరముల సభలకెక్కించిరి. పాదఘాతము మాత్రము పాదఘాతముగానే నిలిచెను. క్రిందనున్న నేల మారిపోయెను. నేడు పిల్లలు వట్టి కాళ్లతో అభ్యసించునది సిమెంటుపైన, పాలరాతిపైన.

పాశ్చాత్యుల బ్యాలేలోను బాధ తక్కువేమియు కాదు. 1832లో ప్యారిస్ నగరమున మేరీ టాగ్లియోనీ కాలి కొనలపై నిలిచి 'లా సిల్ఫీడ్' ఆడిన నాటినుండి, ఆ కొనల కొరకు ఎందరి పాదముల యెముకలు బీటలువారినవో, ఎందరి మడమ వెనుకటి నరములు వాచినవో! అయినను వారు అనుభవముచే నేర్చినది కలదు: అడుగు క్రింద కొంచెము లొంగు చెక్కనేలను పరచుదురు, పదునొకండు, పన్నెండేండ్లు వచ్చి కాళ్లు బలపడనిదే బాలికను కొనలపై నిలువనీయరు. మనమో, వార్షికోత్సవపు తేదీ దగ్గరపడినదని పసిపిల్లను పళ్లె మెక్కించుచున్నాము.

ఇక మోకాళ్లు వంచి సగము కూర్చుండు భంగిమయగు అర్ధమండలి. మోకాళ్లు ప్రక్కలకు విచ్చుకొనవలెనన్నచో ఆ విప్పు తుంటికీలునుండి రావలెను. తుంటి యంతగా తిరుగని పిల్లను "ఇంకా కూర్చో, ఇంకా కూర్చో" అని గద్దించినచో, ఆ పిల్ల పాదములను మాత్రము ప్రక్కకు త్రిప్పి గురువుగారిని తృప్తిపరచును. ఆ మెలిక యంతయు మోకాలి లోపలివైపున పడును. నొప్పి యున్నదని చెప్పుటయే అపచారమని తలచు పిల్లలను నేను చూచితిని. రాత్రి కాపడము పెట్టుకొని, తైలము రాచుకొని, తెల్లవారగానే గజ్జె కట్టుదురు. దీనిని తపస్సని పొగడుట నాకు సమ్మతము కాదు. ఒళ్లంతయు పులిసి రెండు రాత్రుల నిద్రతో తగ్గు నొప్పి వేరు; ముంగాలి యెముకపై ఒకే చోట వ్రేలితో చూపగలిగి, తట్టడవు వేసిన ప్రతిసారి హెచ్చు నొప్పి వేరు. రెండవది ఎముక బీటలువారుచున్నదనుటకు గుర్తు కావచ్చును, దానికి మందు విశ్రాంతియే.

తెరలకును, దీపములకును, శాలువలకును వెచ్చించు ధనములో కొంత తీసి, దూలములపై చెక్కలు పరచి, క్రింద రబ్బరు ముక్కలు వేయించుట మన నాట్యశాలలకు అసాధ్యమైన పనియా? గురువులు ప్రతిదినము తొలి జతికి ముందు "ఎక్కడమ్మా నొప్పి?" అని యడిగి, చూపిన చోట ఒత్తి చూచి, అవసరమైననాడు ఆ పిల్లను కూర్చుండబెట్టి అభినయమే చెప్పవచ్చును గదా!