లావైనా గదమాయించని అక్షరం

పెద్ద అక్షరమంటే కేక వేసేదేనని ఒక నమ్మకం. తగ్గింపు ధరలైనా, హెచ్చరిక బోర్డైనా మందంగా, కోణాలు పొడుచుకొచ్చేలా ఉండాలంటారు. 1922లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ టైపు ఫౌండ్రీ అమ్మకానికి పెట్టిన కూపర్ బ్లాక్ ఆ నమ్మకాన్ని కదిలించింది. కాగితం మీద దట్టంగా నలుపు పరిచే టైపు అది. అయినా అది ఎవరినీ గదమాయించదు.

గీసినవాడు ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్. ప్రకటనలకు చేత్తో అక్షరాలు రాయడం ఆయన వృత్తి. ఆ చేతిరాత ఒడుపు టైపులోకీ వచ్చింది. లాటిన్ అక్షరాల గీతల చివర ఉండే చిన్న పాదాలను సెరిఫ్‌లంటారు. మామూలుగా అవి పదునుగానో, చదునుగానో ఉంటాయి. కూపర్ వాటిని గుండ్రంగా ఉబ్బించాడు. అక్షరం అంచుల్లో ఎక్కడా కత్తితో కోసినట్టుండదు. ‘ఓ’ లోపలి ఖాళీ నిటారుగా నిలబడకుండా కాస్త వెనక్కి ఒరుగుతుంది. ‘ఐ’ మీది చుక్క కూడా అలా ఒరిగిన కోడిగుడ్డే. పాతకాలపు పుస్తకాల అక్షరాల్లో కలం వాలు వల్ల వచ్చిన ఒరుగు అది. పైకి వేళాకోళంగా కనిపించే ఈ టైపుకు లోపలున్నది ఆ సంప్రదాయపు ఎముకల గూడే. దీన్ని కార్టూన్ అక్షరమని తీసిపారేసేవాళ్లు ఆ ఒరుగును చూడరు.

గుండ్రనంచులతో అచ్చుపనిలోనూ లాభం ఉంది. నాసి కాగితం మీద సిరా పాకితే పదునైన మూలలు చెడతాయి. ఇక్కడ చెడడానికి మూలలే లేవు. అయితే లోపలి ఖాళీలు మరీ ఇరుకు. సైజు తగ్గిస్తే అవి పూడుకుపోయి, వరస మొత్తం ముద్దవుతుంది. ఇది శీర్షికలకే పుట్టిన టైపు. ఒక పేరా నిండా దీన్ని పేర్చడం పాఠకుడి మీద కక్షసాధింపే!

అమ్మకాలు చూసి పోటీదారులు ఊరుకోలేదు. లాన్‌స్టన్ మోనోటైప్ కంపెనీ ఇలాంటిదే కావాలని టైపు రూపకర్త ఫ్రెడరిక్ గౌడీని అడిగి, గౌడీ హెవీఫేస్ చేయించుకుంది. షికాగోలో కూపర్‌కు అక్షరాలు నేర్పిన గురువు ఆ గౌడీయే.

సీసపు టైపుకు ఒక హద్దుంది: ఒక్కో అక్షరం ఒక్కో దిమ్మ, దిమ్మలు ఒకదానిలోకి ఒకటి చొరబడవు. ఫొటో టైప్‌సెట్టింగ్, అంటించుకునే లెట్రాసెట్ అక్షరాలు వచ్చాక ఆ గోడ కూలింది. అక్షరాలను భుజాలు రాసుకునేంత దగ్గరగా జరపొచ్చు. కూపర్ బ్లాక్ అసలు అందం అప్పుడే బయటపడిందని నా అభిప్రాయం. 1966 నాటి బీచ్ బాయ్స్ పాటల బృందం ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’ అట్ట చూడండి. జంతుప్రదర్శనశాలలో మేకలకు మేత పెడుతున్న కుర్రాళ్ల ఫొటో, దాని పైన ఆకుపచ్చ పట్టీలో కిక్కిరిసిన ఈ అక్షరాలు. డెబ్బైల్లో టీషర్టుల మీదికీ ఎక్కాయి.

1995లో మొదలైన ఈజీజెట్ విమానసంస్థ నారింజ రంగుతో పాటు ఈ టైపునూ తీసుకుంది. చవక ప్రయాణమని చెప్పాలి, కానీ నాసిరకమని అనిపించకూడదు. ఆ పనికి ఇది సరిపోయింది. కోర్టు నోటీసుకో, సంతాప ప్రకటనకో మాత్రం పనికిరాదు. అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో పెట్టినా బరువే మిగులుతుంది, చలాకీతనం పోతుంది. దీని ప్రాణమంతా చిన్నబడి అక్షరాల్లోనే. ఈజీజెట్ పేరులోనూ క్యాపిటల్ అక్షరం మధ్యలోని ‘జె’ ఒక్కటే.