కొట్టని మనిషి

షటిల్‌లో ఇద్దరి నడుమ పడే కాక్ అంత ఘోరమైంది ఇంకోటి లేదు. తెల్లారి ఆరింటికి మా కాలనీ కోర్టులో నేనూ, రిటైరైన లెక్కల మాస్టారూ ఒక జోడీ. ఎదుటివాళ్లకి మా రహస్యం ఎప్పుడో తెలిసిపోయింది. కాక్‌ని తెచ్చి సరిగ్గా మా ఇద్దరి మధ్యకే తోస్తారు. మాస్టారు తీస్తారని నేను, నేను తీస్తానని మాస్టారు. అది టప్పున కింద పడుతుంది.

"నీదే కదయ్యా!"

"మీ ఫోర్‌హ్యాండ్ వైపు కదా మాస్టారూ!"

ఏడేళ్లుగా ఇదే పంచాయితీ. అది ముదిరినప్పుడల్లా నాకు టోనీ గుణవాన్ గుర్తొస్తాడు.

పేరు చూసి మనవాడే అనుకునేరు. ఇండొనేషియాలోని సురబయలో పుట్టాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పురుషుల డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అప్పటి భాగస్వామి పేరు ఇంకా చిత్రం, చంద్ర విజయ. ఆ మరుసటి ఏడు సెవిల్‌లో హలీమ్ హర్యాంతోతో కలిసి ప్రపంచ చాంపియన్. ఎవరైనా ఇక సొంత దేశంలోనే స్థిరపడి దండలు వేయించుకుంటారు. ఈయన కంప్యూటర్ చదువు కోసం అమెరికా వెళ్లాడు. మన ఇళ్లలో ప్రతి రెండో పిల్లాడూ వెళ్లే పనే, కాకపోతే మనవాళ్ల పెట్టెలో ఒలింపిక్ స్వర్ణం ఉండదు.

అక్కడ దొరికిన జోడీ హోవార్డ్ బాక్. అతనూ వలసవాడే, వియత్నాంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరాడు. బ్యాడ్మింటన్ అంటే పెరట్లో ఆడుకునే ఆట అనుకునే దేశంలో ఈ ఇద్దరూ 2005లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌కి వచ్చారు. నెట్‌కి అవతల ఎవరనుకున్నారు? సిగిత్ బుదియార్తో, అతని పక్కన చంద్ర విజయ. సిడ్నీలో భుజం కలిపి ఆడినవాడే. మూడు గేముల పోరులో గుణవాన్, బాక్ గెలిచారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికాకి అదే మొట్టమొదటి టైటిల్.

నన్ను పట్టి ఆపేది టైటిళ్ల లెక్క కాదు, పక్కవాళ్ల లెక్క. మూడు పెద్ద విజయాలు, ముగ్గురు వేర్వేరు భాగస్వాములు. సింగిల్స్‌లో కోర్టంతా నీదే, తప్పూ ఒప్పూ నీవే. డబుల్స్ అలా కాదు. దాడిలో ఒకరు ముందు, ఒకరు వెనక. కాక్‌ని పైకి లేపామా, వెంటనే ఇద్దరూ పక్కపక్కకి విడిపోవాలి. ఈ మారడం అరక్షణంలో, మాట లేకుండా జరిగిపోవాలి. వెనకవాడు స్మాష్ కొడుతుంటే ముందువాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూశాడా, తిరిగొచ్చే కాక్ అతన్ని దాటిపోతుంది. మరి చూడకుండా ఎలా తెలుస్తుంది? బూట్ల చప్పుడుని బట్టి, ఎదుటివాళ్ల బ్యాట్లు లేచే తీరుని బట్టి. ఇది అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. భాగస్వామి మారితే మళ్లీ మొదటికి. మన అమలాపురం సాత్విక్‌నీ ముంబై చిరాగ్‌నీ మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ జోడీగా కలిపినప్పుడూ ఇలాంటి చిక్కే. ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు బాదేవాళ్లే, మరి నెట్ దగ్గర నిలబడేదెవరు?

గుణవాన్‌కి అడ్డుపడింది ఆట కాదు, కాగితం. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికా తరఫున ఆడనిచ్చారు గానీ, ఒలింపిక్స్‌కి పౌరసత్వం కావాలి. 2008లో అది లేదు. బీజింగ్‌కి బాక్ మరో వలస ఆటగాడు, లావోస్ మూలాలున్న బాబ్ మలాయ్‌థాంగ్‌తో వెళ్లి క్వార్టర్స్ దాకా ఆడాడు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ ఇళ్లకి ఆ ఎదురుచూపు గురించి నేను చెప్పక్కర్లేదు. గుణవాన్‌కి 2011లో పౌరసత్వం వచ్చింది. 2012లో, 37 ఏళ్ల వయసులో, బాక్‌తోనే లండన్ ఒలింపిక్స్‌లో దిగాడు. గ్రూపులో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు.

డబుల్స్‌లో ఇతనికంటే తెలివైనవాడు పుట్టలేదని నా అభిప్రాయం. మాస్టారు ఒప్పుకోరు, అది వేరే సంగతి. ఆ అనాహైమ్ ఫైనల్ వీడియో మీకెక్కడైనా దొరికితే ఒక్క గేమ్ చూడండి. కాక్ వెంట కళ్లు పరిగెత్తించకండి. ఆ క్షణాన కొట్టని మనిషి ఎక్కడికి జరుగుతున్నాడో చూడండి.