ఆమ్లం: పేరా, పాత్రా?

ఆమ్లం అంటే ఏమిటని అడిగితే ఇంటర్ చదివే మీలో చాలామంది తడుముకోకుండా 'ప్రోటాన్ దాత' అంటారు. క్షారమంటే 'ప్రోటాన్ స్వీకర్త'. జవాబు సరైనదే, మార్కులూ పడతాయి. లోపమల్లా ఆ నిర్వచనం మనకు అందుతున్న తీరులోనే ఉంది.

ఎన్‌సీఈఆర్‌టీ 10వ తరగతి పుస్తకంలో నీటిలో హైడ్రోజన్ అయాన్లనిచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లనిచ్చేది క్షారం. ఇది అర్హీనియస్ మార్గం. 11వ తరగతి పుస్తకం దీనికి 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ప్రతిపాదించిన భావననూ, లూయీ భావననూ జోడిస్తుంది. హైడ్రాక్సైడ్ లేని అమ్మోనియా కూడా క్షారమే కదా అని ఎత్తిచూపుతుంది. అంతవరకు మెచ్చుకోదగినదే. ఆ తర్వాత మాత్రం విద్యార్థికి మిగిలేది కాంజుగేట్ జంటలను వల్లెవేయడమే. ఆమ్లమనేది పదార్థానికి అతికించిన చీటీ కాదనీ, ఆ చర్యలో అది పోషించే పాత్ర అనీ మనసుకెక్కదు.

దీన్ని బోధించడానికి రాయ్‌పూర్ ప్రాంతపు నేలను మించిన ఉదాహరణ అక్కర్లేదు. మెట్టమీది ఎర్ర గులకనేలను అక్కడి రైతులు 'భాటా' అంటారు. అది సాధారణంగా ఆమ్లగుణం గలది. ఆమ్లత్వం బాగా పెరిగిన నేలల్లో పైరు వేళ్లను దెబ్బతీసేది ముఖ్యంగా అల్యూమినియం అయాన్. అందులో హైడ్రోజనే లేదే, ఆమ్లం ఎలా అయింది? ఆ అయాన్‌ను ఆరు నీటి అణువులు చుట్టుకొని ఉంటాయి. దాని మూడు ధనావేశాల లాగుడుకు వాటిలో ఒకటి తన ప్రోటాన్‌ను పక్కనున్న మరో నీటి అణువుకు వదిలేస్తుంది. దాతా నీరే, స్వీకర్తా నీరే!

ఇటువంటి నేలను బాగుచేయడానికి సున్నపురాయి పొడి చల్లుతారు. అందులో హైడ్రాక్సైడ్ లేదు. కార్బొనేట్ అయాన్ ప్రోటాన్‌ను స్వీకరించి బైకార్బొనేట్ అవుతుంది. ఆ బైకార్బొనేట్ ఇంకో ప్రోటాన్‌ను తీసుకోగలదు; బలమైన క్షారం ఎదురైతే ఉన్నదాన్ని ఇచ్చేయనూ గలదు. మరి జిప్సం చల్లితే? అందులోనూ కాల్షియం ఉంది. కానీ సల్ఫేట్ చాలా బలహీనమైన స్వీకర్త. నేల ఆమ్లత్వాన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. పని చేసేది కాల్షియం కాదు, కార్బొనేట్. ఈ తేడా తెలియకపోతే రైతు డబ్బు వృథా.

అలాగని ప్రోటాన్ నిర్వచనమే సర్వస్వమనుకోవద్దు. అదే సున్నపురాయి రాయ్‌పూర్ పరిసరాల సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు. సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిగల బట్టీలో కాల్షియం ఆక్సైడ్, సిలికాతో కలిసి కాల్షియం సిలికేట్లు ఏర్పడతాయి. క్షార ఆక్సైడ్, ఆమ్ల ఆక్సైడ్ కలిశాయి. ఒక్క ప్రోటాన్ కూడా చేతులు మారలేదు! ఇక్కడ ఎలక్ట్రాన్ జంటను ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు అని అడిగే లూయీయే దిక్కు. పుస్తకంలో మూడు నిర్వచనాలుండటానికి కారణం ఇదే. వాటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని రద్దు చేయలేదు.

కాబట్టి ఇకమీదట సమీకరణం కనబడగానే 'ఇది ఆమ్లమా, క్షారమా?' అని అడగకండి. ప్రోటాన్ కదిలిందా, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఆ తర్వాత ఏమయ్యారు అని అడగండి. జంటలను బట్టీపట్టాల్సిన అవసరం చాలావరకు తీరిపోతుంది.