తోట తిరిగిచ్చేసిన మనిషి

'హద్దు' అరబ్బీ మాట. తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ పట్టదు. ఉద్దానంలో వొకరి జీడితోటకీ ఇంకొకరి కొబ్బరితోటకీ నడుమ పాతింది హద్దురాయి. దాన్ని జానెడు జరిపితే చాలు, తగువు మొదలవుతుంది. పెద్దమనుషులొస్తారు, సర్వేయరొస్తాడు, టెక్కలి కోర్టుకి వాయిదాలు తిరుగుతారు. అదే వొక ఆడమనిషి తన బతుక్కి రాయి పాతుకుని "ఇంతవరకే, ఆపైన వొప్పుకోను" అందనుకోండి. దాన్ని హద్దు పెట్టుకోవడం అనరు, హద్దు మీరడం అంటారు. భూమికి రక్షణ అయిన మాట స్త్రీకి నేరమైంది. ఈ తిరకాసు మన సాహిత్యంలోనూ ఉంది. ముస్లిం స్త్రీ దగ్గరకొచ్చేసరికి రెండింతలుంది.

కాపురాన్ని కాదనుకున్న స్త్రీ అంటే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేది రాజేశ్వరి. 1927లో చలం 'మైదానం' రాశాడు. వకీలు భర్తని వొదిలి ఆమె వెళ్ళింది అమీర్ దగ్గరికి. అమీర్ ముస్లిం. దాదాపు వందేళ్ళుగా ఆ నవల మీద ఎన్నో చర్చలు జరిగాయి. స్త్రీ స్వేచ్ఛ అన్నారు, విశృంఖలత్వం అన్నారు. అమీర్‌కి వొక తల్లి, వొక వీధి, వొక మసీదు ఎందుకు లేవని అడిగినవాళ్ళు తక్కువ. అగ్రకుల స్త్రీ హద్దు దాటడానికి అవతల వొక శరీరం కావాలి, ఆ శరీరానికి వొక ముస్లిం పేరు పెట్టారు, అంతే. పోనీ రాజేశ్వరి అయినా తనకంటూ వొక గీత గీసుకుందా? గర్భం తీయించుకోమని అమీర్ పట్టుపట్టినప్పుడు ఆమె చివరికి లొంగింది. గడప దాటడం వేరు, హద్దు పెట్టుకోవడం వేరు. 'మైదానం'లో మొదటిది ఉంది, రెండోది లేదు.

రెండోది ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో వచ్చింది. అరుణ ఇంకో మగవాడి కోసం కాదు, తన కోసం బయటికొచ్చింది. తెలుగు స్త్రీవాదానికి అది పెద్ద మెట్టు. కానీ అదే కాలంలో, 1985 షాబానో తీర్పు తర్వాత, ముస్లిం స్త్రీ తెలుగు పత్రికల్లోకి ఎలా వచ్చింది? వొదిలేయబడ్డ మనిషిగా వచ్చింది. మూడు మాటలు, కన్నీళ్ళు, వీధిన పడ్డ పిల్లలు. అరుణ వొదిలి వెళ్తుంది, మా ఆడవాళ్ళు మాత్రం వొదిలించుకోబడతారు. 'తలాక్' తెలియని తెలుగువాడు లేడు. 'ఖులా' అంటే ఏమిటని అడిగితే సెక్యులర్ మిత్రులు కూడా తెల్లమొహం వేస్తారు. తలాక్ మగవాడు వొదలడం. ఖులా స్త్రీ తానుగా విడుదల కోరడం. మొదటిదాని మీద రాసినంత రెండోదాని మీద రాయలేదంటే అది యాదృచ్ఛికం కాదు. బాధితురాలు అందరికీ పనికొస్తుంది. నిర్ణయం తీసుకున్న స్త్రీ ఎవరికీ పనికిరాదు.

ఖులా ఎవరో కొత్తగా తెచ్చింది కాదు. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చిన సంగతి బుఖారీ సంకలనంలోనే ఉంది. భర్త నడతలోగానీ మతనిష్ఠలోగానీ తప్పు లేదని ఆమె చెప్పింది. అయినా అతనితో ఉండలేనంది. కొట్టాడా, తాగాడా, సాక్షులెవరని ఎవరూ అడగలేదు. అతను మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిస్తావా అని అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెను విడువమని ప్రవక్త అతనికి చెప్పారు. అంతే. ఆమె పేరు జమీలా అని వొకరంటారు, హబీబా అని ఇంకొకరంటారు. చరిత్రకి తోట గుర్తుంది, పేరు సరిగా గుర్తులేదు! ఇక ఖురాన్ రెండో సూరాలో, ఏదైనా ఇచ్చి స్త్రీ విడుదల పొందడం తప్పుకాదని చెప్పే 229వ వాక్యం చూడండి. ఆ వొక్క వాక్యంలో 'అల్లా హద్దులు' అన్న మాట నాలుగుసార్లు వస్తుంది. దంపతులు కలిసి ఆ హద్దుల్ని నిలబెట్టలేమనుకుంటే విడిపోవడానికి దారి ఉంది. అంటే ఇక్కడ హద్దు కట్టేసే తాడు కాదు. అది నిలవని చోట బయటికి తలుపు చూపించే మాట. ఆడవాళ్ళ హద్దుల గురించి గొంతు చించుకునేవాళ్ళు ఈ వాక్యం దగ్గర ఎందుకు ఆగరు?

ఉద్దానానికి ఇది వింత సంగతేం కాదు. ఈ ప్రాంతం పేరే తోటల పేరు. ఇక్కడి కష్టజీవుల కులాల్లో మారుమనువు పాత ఆచారం. కాపురం పొసగకపోతే పెద్దల ముందు కూచుని ఓలి సొమ్ము లెక్క తేల్చుకునేవారు. ఎవరిదోవ వారిది. తోట తిరిగివ్వడమూ ఓలి తిరిగివ్వడమూ వొకే లోకజ్ఞానం. నిఖా వొప్పందం, ఏడు జన్మల బంధం కాదు. మరి మా ఇళ్ళల్లో "పెళ్ళికూతురిగా వెళ్ళావు, జనాజాగానే రావాలి" అన్న నీతి ఎక్కడిది? అది దీన్ చెప్పింది కాదు. పై కులాల నుంచి అరువు తెచ్చుకున్న పరువు.

ఆ పరువుకి ఇంకో బరువు తోడైంది. 2011 లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి వొకరు కూడా లేరు. పలాసలోనో టెక్కలిలోనో నాలుగిళ్ళ జమాత్‌లో వొక అమ్మాయి నోరు విప్పితే ఊరంతటికీ తెలుస్తుంది. "బయటివాళ్ళు కాచుకుని ఉన్నారు, మన గుట్టు మనమే విప్పుకుంటామా? సబర్ కర్ బేటీ" అంటారు. భయం అబద్ధం కాదు. కానీ ఖౌమ్ హద్దుని కాపాడ్డానికి ప్రతిసారీ కూతురి హద్దురాయే ఎందుకు పీకాలి? సబర్ అంటే ఓర్పు. దెబ్బలు దాచుకోవడం కాదు. మూత్రపిండాల జబ్బు ఏం చేస్తుందో ఉద్దానానికి చెప్పక్కర్లేదు. నొప్పి తెలియకుండానే లోపల పని కానిచ్చేస్తుంది, బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. కొన్ని కాపురాలూ అంతే.

మన ముస్లింవాద సాహిత్యం ఇక్కడ ఏం చేసింది? ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), 'జల్‌జలా' (1998) ఎక్కువగా బయటివాడికి జవాబు చెప్పాయి. చెప్పాల్సిందే. దేశభక్తికి రుజువులు అడిగే కాలంలో ఆ గొంతు లేకపోతే మనం లేము. షాజహానా 'నఖాబ్' ఆ గొంతుని ఇంటివైపు కూడా తిప్పింది. ఆ తోవలో నడిచినవాళ్ళు ఇంకా చాలరు. బయటివాడు మనకి గీసిన గీతల్ని చెరిపేసే కవి, ఇంట్లో తాను గీసిన గీతల్ని చూసుకోకపోతే అస్తిత్వం సగమే అవుతుంది.

చట్టం సంగతి చూద్దాం. 1939 చట్టం భర్త రెండేళ్ళు పోషించకపోయినా, క్రూరంగా చూసినా, మరికొన్ని కారణాలకీ కోర్టు ద్వారా విడాకులు కోరే హక్కు ముస్లిం స్త్రీకి ఇచ్చింది. 2019 చట్టం తక్షణ తలాక్ చెప్పిన భర్తకి మూడేళ్ళ దాకా జైలు అంది. దానికి దక్కినంత ప్రచారం 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పిన మాటకి దక్కలేదు. ఖులా స్త్రీకున్న సంపూర్ణ హక్కు, దానికి భర్త వొప్పుకోలు అక్కర్లేదు, ముఫ్తీది సలహా మాత్రమే అంది. మొదటిది మగవాణ్ణి జైల్లో పెట్టడం, రెండోది ఆడమనిషి మాట చెల్లడం. మొదటిదానికి మోగిన చప్పట్లు రెండోదానికి ఎందుకు మోగలేదో సెక్యులర్ మిత్రులే చెప్పాలి.

అయితే హక్కు కాగితమ్మీదుంటే చాలదు. తిరిగివ్వడానికి తోట ఏది? నిఖానామాలో రాసిన మెహర్ ఎంతమంది చేతికొచ్చింది? కట్నం ఇచ్చింది అమ్మాయివాళ్ళు, మెహర్ ఎగ్గొట్టింది అబ్బాయివాళ్ళు. విడుదల అడిగితే "మెహర్ వొదులుకో" అంటారు. అందని సొమ్ముని వొదులుకోవడం ఎలాగ? ముందు ఆ లెక్క తిరగరాయాలి. మెహర్ నిఖా రోజే చేతికి రావాలి. తనదంటూ సంపాదన ఉండాలి. పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టి, పప్పు వొలిచి సంసారాలు ఈదుకొస్తున్న ఆడవాళ్ళెందరో ఉన్నారు. ఏ కులం, ఏ మతం ఆడమనిషైనా, సాయంత్రానికి చేతిలో పడే కూలీ డబ్బుకి తెలిసిన ధైర్యం వొకటుంది. ఆ ధైర్యం మన కథల్లోకి రావాలి.

కాబట్టి మన రచయితలకి వొక్కటే కోరిక. తలాక్ కథలు చాలా రాశాం. ఇకనైనా ఖులా కథ రాద్దాం. అందులో భర్త రాక్షసుడు కానక్కర్లేదు. ఆమె చావుదాకా వెళ్ళి రానక్కర్లేదు. ఆమెని ఉద్ధరించడానికి బయటినుంచి ఎవరూ దిగి రానక్కర్లేదు. సాబిత్ భార్యలాగే "నేనుండలేను" అంటే చాలు. ఇద్దత్ గడిచాక మర్నాడు పొద్దున్నే లేచి పనికెళ్ళాలి. ఆమెకి వొక ఇంటిపేరు, వొక యాస, వొక వీధి ఉండాలి. ముఖ్యంగా ఈసారి ఆమె పేరు ఎవరూ మరిచిపోకుండా రాయాలి.