లేత రంగు రాగి మాల్ట్

హోసూరు అంగళ్లలో రాగి మాల్ట్ అడిగితే ముందుగా చేతికొచ్చేది ముదురు రంగు పొడే. మూత తీయగానే కమ్మటి వాసన కొడుతుంది, కొనేవాళ్లూ దానికే మొగ్గుతారు. నేను మాత్రం పక్కనున్న లేత రంగు పొట్లం తీసుకోమంటాను. ఇంట్లో పసిపిల్లలుంటే మరీను.

రాగులు కడిగి, రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులుంచితే తెల్లటి మొలక వస్తుంది. గింజలో ఎమైలేజ్ అనే ఎంజైము పెరిగేది అప్పుడే. పిండిపదార్థాన్ని విరగ్గొట్టి చక్కెరగా మార్చేది అదే, మాల్ట్ విలువంతా దానిలోనే ఉంది. మొలకలు గలగలమనేలా ఆరాక అరచేతుల మధ్య నలిపితే మొలక వేళ్లు రాలిపోతాయి. చెరిగి, సన్న సెగ మీద కాస్త వేడిచేసి మర పట్టించాలి. ఎర్రగా వేయించారా, వాసన మిగులుతుంది, ఎంజైము చస్తుంది.

బీరు కాచేవాళ్లకు ఇది బాగా తెలుసు. లేత రంగు బీరు కోసం బార్లీ మొలకలను చివర్లో సుమారు 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఆపేస్తారు. 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ మాల్ట్‌ను డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ నల్ల మాల్ట్ రంగుకీ రుచికీ కొద్దిగా వేసేదే, పిండిని చక్కెర చేయడం దానివల్ల కాదు. హోసూరు ఉన్న తమిళనాడులో ఇంట్లో బీరు కాచడానికి చట్టం ఒప్పుకోదు. కృష్ణగిరి చేలల్లో పండే రాగులతో మాత్రం ఆ లేత మాల్ట్ విద్య ఏ వంటింట్లోనైనా సాగుతుంది.

తేడా జావ దగ్గర తెలుస్తుంది. మామూలు రాగి పిండి ఉడికేకొద్దీ బిగిసి గరిటెకు పట్టుకుంటుంది. లేత మాల్ట్‌ను చల్లటి నీళ్లలో కలిపి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే పలచబడి గరిటె నుంచి ధారగా జారుతుంది. అంటే అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పడుతుంది, చిన్న పొట్టకు ఎక్కువ బలం అందుతుంది. మరిగే నీళ్లలో మాత్రం పొయ్యకండి, ఎంజైము పనిచేయకముందే పోతుంది. పలచబడ్డాకే బాగా మరగనివ్వాలి, పిల్లలకైతే అది తప్పనిసరి.

వట్టి రాగులు వేయించి పట్టిన పిండిని కూడా మాల్ట్ పేరుతో అమ్ముతున్నారు. పొట్లం మీద మొలకెత్తిన రాగులని రాసుందో లేదో చూడండి. మొలక పిండి తొందరగా చేదెక్కుతుంది, చిన్న పొట్లమే కొనండి.