ఎద్దును రాతిలో కూర్చోబెట్టడం

లేపాక్షి నందిని చూడగానే అందరూ దాని కొలతలు చెప్పుకుంటారు. దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, మొత్తం ఒకే బండ. నేను మాత్రం దాని కాళ్లు చూడమంటాను. గ్రానైట్ ఎంత బరువునైనా మోస్తుంది కానీ, సన్నగా చెక్కితే పుటుక్కున విరుగుతుంది. అంత భారీ ఎద్దును నాలుగు కాళ్ల మీద నిలబెట్టాలంటే పొట్ట కింద రాతిని అలాగే వదిలేయాలి. కూర్చోబెడితే మడిచిన కాళ్లు ఒంటిలో కలిసిపోతాయి. శివుడి ఎదుట కూర్చోవడం నందికి సంప్రదాయం. ఆ భంగిమ రాతికీ అంతే చక్కగా ఒప్పింది.

చెక్కడానికి ముందు రాతిని సుత్తితో తట్టి వింటారు. ఖంగుమంటే మంచి రాయి. చప్పగా పలికితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. శిల్పశాస్త్రాలు పురుష, స్త్రీ, నపుంసక శిలలని విడదీసింది కూడా చాలావరకు ఈ నాదాన్ని బట్టే. తర్వాత బండను చదును చేసి, నడిమి గీత కొట్టి, పక్కల నుంచీ ముందు నుంచీ ఎద్దు ఆకారం గీస్తారు.

అసలు విద్య ఉలి పట్టే కోణంలో ఉంది. మొదట ఉలిని నిటారుగా పట్టి గట్టిగా కొడితే పెద్ద పెళ్లలు లేస్తాయి. అయితే ఆ దెబ్బ అడుగు రాతిని కూడా నలగ్గొడుతుంది. నలిగిన చోట తెల్లటి మచ్చ పడుతుంది, పైపైన ఎంత రుద్దినా పోదు. అందుకే ఆకారం దగ్గరపడేకొద్దీ ఉలి వాలుతుంది, దెబ్బ తేలికవుతుంది. కొమ్ములు, చెవుల చుట్టూ రాతిని చివరిదాకా మందంగానే ఉంచుతారు.

ఆ ఉలికి మొన కూడా ఎక్కువసేపు నిలవదు. కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొసను మాత్రం నీళ్లలో ముంచుతారు. వెనక మిగిలిన వేడి కొసకు పాకుతుంటే ఉక్కు రంగు మారుతుంది. సరైన రంగు రాగానే మళ్లీ ముంచాలి. తొందరపడితే మొన పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. ఈ పాయనం పెట్టడం చేతకాకపోతే ఎంత నేర్పున్నా గ్రానైట్ ముందు పనికిరాదు.

రాయి మారితే ఎద్దూ మారుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో నంది నల్లరాతిది, డోలరైట్. దాని రేణువులు చాలా సన్నం కనుక మువ్వలు, గొలుసుల్లో ప్రతి గీతా నిలిచింది. లేపాక్షి గ్రానైట్ గరుకు. అందులో మరీ సన్నని గీత గీస్తే పలుకులు రాలిపోతాయి. అక్కడి శిల్పి తన శక్తినంతా మూపురం, మెడ వంపుల మీద పెట్టాడు. రెండింట్లో నాకు లేపాక్షిదే గొప్ప పని. నగల కన్నా కండను చెక్కడం కష్టం.

ఇవాళ శిల్పశాలల్లో కోత యంత్రాలు వచ్చాయి. అదనపు రాతిని తీసేయడానికి వాడితే తప్పేమీ లేదు, భుజాలకు ఊరట. యంత్రం లేపే ధూళి మాత్రం ఊపిరితిత్తులను తినేస్తుంది. నీళ్లు చల్లుతూ, ముక్కుకు మాస్కు కట్టుకుని తీరాలి. గంగడోలు మడతల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉలే కావాలి. ఒక్కో మడత ఒక్కో లోతులో వంగుతుంది, ఆ తేడాను చెయ్యి దెబ్బదెబ్బకూ సరిచూసుకుంటుంది. ముహూర్తం దగ్గరపడిందని గుడి కమిటీలు తొందరపెడితే ముందు కోతపడేది ఈ చివరి పనికే. నంది కావాలనుకునేవాళ్లు ముహూర్తం పెట్టుకునే ముందే శిల్పిని గడువు అడగాలి.